సిలబస్ పూర్తయింది, పని చేతికి రాలేదు

ఈ నెల ‘చదువు – కొలువు’ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదును రకరకాలుగా చెబుతున్నాయి. కళాశాలలో చదివిన కంప్యూటర్ సైన్సుకూ, సంస్థలో అడుగుపెట్టాక చేయవలసిన పనికీ పొంతన కుదరడం లేదన్నది ఆ ఫిర్యాదు. అందుకే ఈసారి ఆ ఉత్తరాలకే చోటు కేటాయించాను. పాతికేళ్లుగా హైదరాబాదులో ప్రోగ్రాములు రాస్తూ, కొత్తవారిని ఇంటర్వ్యూ చేస్తూ, గత కొన్నేళ్లుగా వారాంతాల్లో ఒక కళాశాలలో పాఠం చెబుతూ గమనించిన విషయాలే ఈ జవాబులకు ఆధారం.

ప్రశ్న: నేను నరసరావుపేట సమీపంలోని ఒక కళాశాలలో సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఇప్పటివరకు నా సీజీపీఏ 8.6. వేసవిలో ఒక చిన్న సంస్థలో ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్ చేశాను. మొదటి రోజే వందల ఫైళ్లున్న ప్రాజెక్టు నా ముందు పెట్టి, ‘ఈ రిపోర్టులో కొన్ని ఎంట్రీలకు తేదీ ఒకరోజు వెనక్కి చూపిస్తోంది, ఎందుకో చూడండి’ అన్నారు. మూడు రోజులు ఏ ఫైలు తెరవాలో కూడా తెలియలేదు. గిట్ అనే సాధనం పేరు విన్నానే గానీ ఎప్పుడూ వాడలేదు. మా కళాశాల మాకు పనికిరాని చదువు చెప్పిందా?
– ఒక విద్యార్థిని, పల్నాడు జిల్లా

జవాబు: పనికిరాని చదువు చెప్పలేదు, సగం చదువు చెప్పింది. ఈ రెండింటికీ తేడా ఉంది. ఆ తేడా తెలియకపోతే మిగిలిన ఏడాదిని తప్పుదారిలో ఖర్చు పెట్టే ప్రమాదం ఉంది కనుక కొంచెం వివరంగా చెబుతాను.

ముందు ఆ తేదీ సంగతి చూద్దాం. ఇలాంటి తప్పుకు నాకు తెలిసిన కారణాల్లో అతి సామాన్యమైనది ఒకటుంది. సర్వర్లు సాధారణంగా సమయాన్ని ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీ లెక్కలో దాచుకుంటాయి. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. ఐదో తేదీ తెల్లవారుజామున నాలుగు గంటలకు నమోదైన ఎంట్రీ యూటీసీలో నాలుగో తేదీ రాత్రి పదిన్నర అవుతుంది. రిపోర్టు తయారుచేసే చోట దానిని మళ్లీ మన సమయంలోకి మార్చడం మరిచిపోతే, ఉదయం ఐదున్నరలోపు నమోదైనవన్నీ ముందురోజు ఖాతాలో పడతాయి. ‘కొన్ని ఎంట్రీలకు’ అని వాళ్లు అన్న మాటలోనే ఆధారం ఉంది: తప్పిన ఎంట్రీలన్నింటినీ ఒకచోట రాసుకుని వాటి వేళలు చూసి ఉంటే విషయం బహుశా ఒక పూటలో తేలిపోయేది. దీనికి కొత్త భాష గానీ కొత్త ఫ్రేమ్‌వర్క్ గానీ అక్కరలేదు. లక్షణం నుంచి కారణం దాకా వెనక్కి నడవడం తెలియాలి. అది మీకు ఎవరూ నేర్పలేదు, నేర్పే సందర్భమే మీ ల్యాబుల్లో లేదు.

మీ ల్యాబ్ ఎలా నడుస్తుందో గుర్తు చేసుకోండి. ప్రతి వారం ఖాళీ తెరతో మొదలవుతుంది. మూడు గంటల్లో ఒక ప్రోగ్రాము రాస్తారు, అవుట్‌పుట్ చూపిస్తారు, రికార్డులో రాసి సంతకం పెట్టించుకుంటారు. వచ్చే వారం ఆ ప్రోగ్రాముతో పని ఉండదు. నాలుగేళ్లలో అలాంటివి రెండు వందలు రాసినా, ఒక్కటి కూడా రెండో వారం దాకా బతకదు. ఉద్యోగంలో ఇది పూర్తిగా తలకిందులవుతుంది. అక్కడ ఖాళీ తెర అరుదు. ఎప్పుడో ఎవరో రాసి వెళ్లిపోయిన ప్రోగ్రామును చదివి, దానిలో ఒక చిన్న మార్పు చేసి, మిగతాది చెడిపోకుండా చూడడమే రోజువారీ పని. రాయడం నేర్చుకున్న మీకు చదవడం అలవాటు కాలేదు.

గిట్ విషయానికొస్తే, అది పుట్టిందే ఆ అవసరంలోంచి. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే మార్పులతో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె వంటి కెర్నల్‌ను నడపడానికి అంతవరకూ వాడుతున్న బిట్‌కీపర్ అనే సాధనాన్ని ఉచితంగా వాడుకునే వీలు పోవడంతో, లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్‌ను మొదలుపెట్టారు. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారన్నది చరిత్రగా దాచిపెట్టడమే దాని పని. ఒక్కరే రాసి వారంలో మరిచిపోయే ప్రోగ్రాముకు చరిత్రతో పనేముంది? అందుకే మీ ల్యాబులో గిట్ అవసరం ఎవరికీ తట్టలేదు. రెండు రోజుల వర్క్‌షాపు పెట్టి కమాండ్లు బట్టీ పట్టించినా అది నిలవకపోవడానికి కారణం కూడా ఇదే.

ఇది మన కళాశాలల లోపం మాత్రమే అనుకోకండి. అమెరికాలోని ఎంఐటీలోనే, తరగతుల్లో ఎవరూ చెప్పని ఈ పనిముట్ల కోసం ముగ్గురు బోధకులు 2020 జనవరిలో ‘మిస్సింగ్ సెమిస్టర్’ పేరుతో పదకొండు పాఠాల చిన్న కోర్సు నడిపారు. షెల్, ఎడిటర్, గిట్, డీబగ్గింగ్ వంటివే అందులో ఉన్నాయి. ఆ పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. సంక్రాంతి సెలవుల్లో పూర్తి చేయగలిగినంతే ఉన్నాయి. ఆ తరువాత మీ తోటి విద్యార్థి చేసిన మినీ ప్రాజెక్టు తీసుకుని, వారిని ఏమీ అడగకుండా, దానిలో ఒక కొత్త సదుపాయం చేర్చండి. మీది వారికివ్వండి. ఇద్దరూ తిట్టుకుంటారు. ఆ తిట్లలోనే, పేర్లు సరిగ్గా ఎందుకు పెట్టాలో, ఫంక్షన్ ఎందుకు చిన్నదిగా ఉండాలో తెలుస్తుంది.

ఒక్క హెచ్చరిక. ఇదంతా చదివి డీబీఎంఎస్ (డేటాబేస్ నిర్వహణ), ఆపరేటింగ్ సిస్టమ్స్ వంటి పాఠాలను పక్కన పెట్టవద్దు. రిపోర్టు తెరుచుకోవడానికి నలభై సెకన్లు పడుతోందని వినియోగదారుడు గోల పెట్టినప్పుడు, ఏ కాలమ్ మీద ఇండెక్స్ (వెతుకులాటను వేగం చేసే సూచీ) లేదో చూడాలని తోచేది, ఆ ఇండెక్స్ అమరికను చెప్పే బీ-ట్రీ అధ్యాయం అర్థమై చదివినవారికే.

ప్రశ్న: మా అబ్బాయి గత ఏడాది బీటెక్ పూర్తి చేశాడు. క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. అమీర్‌పేటలో ఆరు నెలల ఫుల్ స్టాక్ (వెబ్‌సైటు ముందు, వెనుక భాగాలు రెండూ రాయడం నేర్పే) కోర్సు చేస్తానంటున్నాడు. అక్కడే ఒక కన్సల్టెన్సీ వారు, కోర్సుతో పాటు మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు కూడా ఇప్పిస్తామని, ఇంటర్వ్యూలో పక్కనుండి జవాబులు అందిస్తామని చెప్పారట. అందుకు విడిగా డబ్బు అడుగుతున్నారు. చాలామంది అలాగే చేస్తున్నారని అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, కరీంనగర్ జిల్లా

జవాబు: రెండో దానికి పైసా కూడా ఇవ్వకండి. నీతి గురించి నేను మీకు చెప్పనక్కరలేదు, వ్యవహారం గురించి చెబుతాను. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు సంస్థలు పాత కొలువుల వివరాలు సరిచూస్తాయి. 2014 నుంచి భవిష్య నిధి సభ్యులకు యూఏఎన్ అనే ఒకే సంఖ్య ఉంటోంది. ఎవరు ఏ సంస్థలో ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పనిచేశారో ఆ ఖాతాలో కనిపిస్తుంది. మూడేళ్లు పనిచేశానన్న మనిషికి మూడేళ్ల జమలు లేకపోతే ప్రశ్న వస్తుంది. ఒకవేళ ఈ తనిఖీ దాటినా, మూడేళ్ల అనుభవం ఉన్నవాడికి అప్పగించే పని మొదటి వారంలోనే మీ అబ్బాయి చేతిలో పెడతారు. అడిగి నేర్చుకునే వెసులుబాటు ఫ్రెషర్‌కు ఉంటుంది, అనుభవజ్ఞుడినని చెప్పుకున్నవాడికి ఉండదు. ఇంటర్వ్యూ కుర్చీలో కూర్చుని అటువంటి కుర్రవాళ్లను చూశాను. కెమెరా ముందు పెదవుల కదలికకూ వినిపించే గొంతుకూ పొత్తు కుదరక వారు పడే అవస్థ చూస్తే కోపం కంటే జాలే ఎక్కువ కలుగుతుంది.

ఇక కోర్సు సంగతి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల నేర్చుకుని జీవితంలో స్థిరపడినవారు వేలల్లో ఉన్నారు. ఆ వీధులను చులకనగా మాట్లాడడం నాకు ఇష్టం ఉండదు. కళాశాల ఇవ్వని దాన్ని తక్కువ ఫీజుకు, సూటిగా, తెలుగులో చెప్పిన చోటు అది. అయితే గోడమీద రాసిన కోర్సు పేరును బట్టి చేరవద్దు. ఒక వారం డెమో తరగతులకు కూర్చోనివ్వమని అడగండి. బోధకుడు రాస్తుంటే చూసి ఎక్కించుకోవడమే తరగతి అయితే అది ల్యాబ్ రికార్డుకు మరో రూపం. చెడిపోయిన ప్రోగ్రాము ఇచ్చి బాగు చేయించే బోధకుడు దొరికితే ఫీజు గిట్టుబాటు అయినట్టే. రెండు వందల మందిని ఒకే హాలులో కూర్చోబెట్టే చోట అది సాధ్యం కాదు.

మరో దారి కూడా ఉంది, దాని గురించి మన ఇళ్లలో తక్కువ మందికి తెలుసు. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 1973లో సవరించి ఇంజనీరింగ్ పట్టభద్రులనూ అందులో చేర్చారు. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద, చదువు పూర్తయిన కొత్తలో, ఏడాది పాటు స్టైపెండ్‌తో ఒక సంస్థలో పని నేర్చుకోవచ్చు. ఆ పథకం పోర్టల్‌లో నమోదు చేసుకుని, అవకాశమున్న సంస్థలకు దరఖాస్తు చేసుకోవాలి. జీతంతో పోలిస్తే ఆ సొమ్ము తక్కువే. కానీ ఏడాది తరువాత చేతికొచ్చే సర్టిఫికెట్ నిజమైనది.

ప్రశ్న: నేను ఒక అనుబంధ కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను. సిలబస్ విశ్వవిద్యాలయం నిర్ణయిస్తుంది, ప్రశ్నపత్రం అక్కడి నుంచే వస్తుంది, ఎక్స్‌టర్నల్ (బయటి పరీక్షకుడు) వచ్చి రికార్డు చూసి మార్కులు వేస్తారు. కొన్ని ల్యాబుల్లో ఇప్పటికీ టర్బో సీ (సీ భాషకు పాతకాలపు కంపైలర్) నడుస్తోంది. ‘పరిశ్రమకు తగినట్టు బోధించండి’ అని యాజమాన్యం సర్క్యులర్లు పంపుతుంది. ఈ చట్రంలో నావంటి వాడు చేయగలిగింది ఏముంది?
– ఒక అధ్యాపకుడు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: సార్, మీ ఉత్తరం చదివాక మిగతా ఉత్తరాలన్నిటికీ మూలం ఇక్కడే ఉందనిపించింది. సిలబస్ మారకపోవడమే అసలు జబ్బు అని అందరూ అంటారు. నేను పూర్తిగా ఒప్పుకోను. సిలబస్ మారుతూనే ఉంది: 2018లో సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ మాదిరి ప్రణాళిక బీటెక్‌ను 160 క్రెడిట్లకు తగ్గించి, ఇంటర్న్‌షిప్‌కు చోటు కల్పించింది; మన విశ్వవిద్యాలయాలు ఆర్18, ఆర్20, ఆర్22, ఆర్23 అంటూ రెగ్యులేషన్లు తెస్తూనే ఉన్నాయి; కృత్రిమ మేధ, డేటా సైన్సు పేరుతో శాఖలే పుట్టాయి. పేర్లు మారాయి గానీ ల్యాబులో జరిగే తంతు మారలేదు. పైథాన్ ల్యాబులో కూడా మూడు గంటలు, ఒక ప్రోగ్రాము, ఒక సంతకం.

టర్బో సీ మీద నాకు పాత కోపం ఉంది. సీ భాషకు 1989లో, సీ ప్లస్ ప్లస్‌కు 1998లో ప్రమాణాలు వచ్చాయి. ఆ పాత కంపైలర్ రెండో ప్రమాణానికి ముందుది. పాత డాస్ ప్రోగ్రాములను నడిపే డాస్‌బాక్స్‌లో దానిని ఇంకా బతికించుకుంటూ, పిల్లలకు ప్రమాణంలో లేని వాయిడ్ మెయిన్, క్లియర్‌స్క్రీన్, గెట్‌చ్ అలవాటు చేస్తున్నాం. బయట ఏ కంపైలర్ ముందు కూర్చున్నా మొదటి పది నిమిషాల్లోనే వాళ్లకు తాము నేర్చుకున్నది వేరే భాషేమో అన్న అనుమానం వస్తుంది. అయినా, తీసేసే అధికారం మీకు లేనప్పుడు, దానిచేతే ఒక మంచి పాఠం చెప్పించవచ్చు. నేను చేసి చూశాను.

క్రమంలో ఉన్న వరుసను సగానికి సగం తగ్గిస్తూ వెతికే బైనరీ సెర్చ్ మీ సిలబస్‌లో ఉంది. పిల్లలందరికీ కంఠతా వచ్చు. పరిధి మొదటి సూచికనూ చివరి సూచికనూ కూడి, రెండుతో భాగించి, మధ్యకు వెళతారు. టర్బో సీలో పూర్ణాంకానికి 16 బిట్లే. 32,767 దాటితే అది రుణసంఖ్యలోకి తిరుగుతుంది. ఇరవై వేల సంఖ్యలున్న వరుసను గ్లోబల్‌గా ప్రకటించి, అన్నిటికంటే చివరిదాన్ని వెతకమనండి. సూచికలు సున్నా నుంచి మొదలవుతాయి కనుక మొదటి అడుగులో మధ్య 9,999. రెండో అడుగులో 14,999. మూడో అడుగులో 15,000నూ 19,999నూ కూడితే 34,999 రావాలి, కానీ వచ్చేది మైనస్ 30,537. దాని సగాన్ని, అంటే వరుసలో లేని రుణ సూచికను పెట్టుకుని ప్రోగ్రాము దారి తప్పుతుంది. పది సంఖ్యలతో అవుట్‌పుట్ చూపించి సంతకం చేయించుకున్న ప్రోగ్రామే ఇది! తరగతిలో ఆ క్షణంలో కలిగే నిశ్శబ్దం ఏ సర్క్యులర్‌తోనూ రాదు.

తరువాత వాళ్లకు చెప్పండి: ఈ పద్ధతి 1946 నాటికే ప్రచురితమైంది. అయినా సరిగ్గా ఇదే తప్పు జావా ప్రామాణిక గ్రంథాలయంలో దాదాపు తొమ్మిదేళ్లు ఎవరి కంటా పడకుండా ఉండి, 2006లో అందరికీ తెలిసింది. అక్కడ పూర్ణాంకం 32 బిట్లది కనుక, వరుసలో సుమారు 107 కోట్ల అంశాలుంటే గానీ బయటపడదు. రెండింటినీ కూడకుండా, వాటి తేడాలో సగాన్ని మొదటి సూచికకు కలపడమే దిద్దుబాటు. సిద్ధాంతం ఎక్కడ ముగిసి యంత్రం ఎక్కడ మొదలవుతుందో తెలియడానికి ఇంతకంటే చిన్న ఉదాహరణ నాకు దొరకలేదు. సిలబస్‌లో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు.

మీ పరిధిలో ఉన్నది ఇంకొకటి ఇంటర్నల్ మార్కులు. డేటా స్ట్రక్చర్స్ ల్యాబులోని పన్నెండు ప్రోగ్రాములను పన్నెండు ముక్కలుగా కాక, ఒకే గ్రంథాలయ నిర్వహణ ప్రోగ్రాములో పన్నెండు దశలుగా చేయించండి. మొదటి వారం లింక్డ్ లిస్టులో పుస్తకాలు, ఆపై క్యూలో రిజర్వేషన్లు, తరువాత ట్రీలో వెతుకులాట. రికార్డులో అవే ప్రోగ్రాములు ఉంటాయి కనుక ఎక్స్‌టర్నల్‌కు అభ్యంతరం ఉండదు. ఆరో వారంలో బ్యాచ్‌లను తారుమారు చేసి ఒకరిది ఇంకొకరికి అప్పగించండి. మొదటిసారి నేనిలా చేసినప్పుడు సగం మంది అలిగారు, ఇద్దరు హెచ్‌ఓడీకి ఫిర్యాదు కూడా చేశారు. ఇక వైవాలో ‘స్టాక్ అంటే ఏమిటి’ అని అడగడం మానేసి, వారి ప్రోగ్రాములో ఒక వరుస మీరే చెడగొట్టి, కనిపెట్టమనండి. ఆల్-ఇన్-వన్ గైడులో దానికి జవాబు దొరకదు.

మేజర్ ప్రాజెక్టు గురించి ఒక మాట. సీడీతో, రిపోర్టుతో, పీపీటీతో సహా ప్రాజెక్టులు అమ్మే దుకాణాలు ఉన్నాయని మీకూ తెలుసు, నాకూ తెలుసు. వారానికోసారి గిట్ చరిత్ర చూపించాలన్న ఒక్క నిబంధన పెడితే ఆ వ్యాపారం పూర్తిగా ఆగదు గానీ, కొన్నవాడు కూడా తాను కొన్నదాన్ని ముక్కలుగా విడదీసి మళ్లీ పేర్చుకోవలసి వస్తుంది. అంతమాత్రం చేసినా ఎంతో కొంత నేర్చుకున్నట్టే.

ప్రశ్న: పట్టభద్రులకు నైపుణ్యం లేదని సంస్థలు పదేపదే అంటాయి. మరి అవే సంస్థలు క్యాంపస్‌కు వచ్చి ఆప్టిట్యూడ్ పరీక్ష, సీజీపీఏ కట్‌ఆఫ్, బ్యాక్‌లాగ్‌లు చూసి ఎంచుకుంటాయి. తప్పంతా కళాశాలలదేనా?
– ఒక ప్లేస్‌మెంట్ అధికారి, హైదరాబాదు

జవాబు: కాదు. మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. వేలమందిలో నుంచి ఒక్క రోజులో వందమందిని ఏరాలంటే రైళ్ల వేగం లెక్కలు, వయసుల లెక్కలు సులువైన జల్లెడ. జల్లెడ ఏదైతే కళాశాల దానికే తర్ఫీదు ఇస్తుంది. సీఆర్‌టీ (క్యాంపస్ ఎంపికలకు శిక్షణ) తరగతుల్లో మీరు చేయిస్తున్నది అదే కదా. అడుగున ఇంకో సంగతి ఉంది. పెద్ద సేవా సంస్థలు తమ వ్యాపారాన్నే ఈ ఖాళీ మీద కట్టుకున్నాయి. మైసూరులో ఇన్ఫోసిస్, తిరువనంతపురంలో టీసీఎస్ శిక్షణ ప్రాంగణాలు కట్టుకుని, ఏ శాఖ పట్టభద్రుడినైనా తీసుకుని నెలల తరబడి నేర్పి పనిలో పెట్టాయి. సివిల్, మెకానికల్ చదివినవారు మంచి ప్రోగ్రామర్లు అయ్యింది అందుకే. పని నేర్పడం తన బాధ్యత కూడా అని పరిశ్రమ ఒప్పుకున్న పద్ధతి అది. శిక్షణ కాలాన్ని కుదించుకుని, మొదటి రోజు నుంచే పని రావాలనే సంస్థ, ఆ ఖర్చును ఫీజు రూపంలో తల్లిదండ్రుల మీదికి నెడుతోందని నా అభిప్రాయం. మీ క్యాంపస్‌కు వచ్చే సంస్థలను ఒక్కటి అడిగి చూడండి: ఆప్టిట్యూడ్‌కు బదులు, రెండు వందల వరుసల ప్రోగ్రాము ఇచ్చి, గంటలో ఒక లోపం కనిపెట్టమనే పరీక్ష పెట్టగలరా అని. ఒక్క సంస్థ ఒప్పుకున్నా, మరుసటి ఏడాది మీ సీఆర్‌టీ తరగతి తనంతట తానే మారుతుంది.

ప్రశ్న: ఇప్పుడు ప్రోగ్రాములన్నీ ఏఐ రాసేస్తోంది కదా. ఇంకా ఇవన్నీ నేర్చుకోవాలా?
– ఒక బీసీఏ విద్యార్థి, అనంతపురం

జవాబు: పైన పల్నాడు జిల్లా విద్యార్థినికి చెప్పినది మీకు మరింత వర్తిస్తుంది. ఏఐ రాసిచ్చేది కూడా ఎవరో రాసి వెళ్లిపోయిన ప్రోగ్రామే; అందులో తప్పు దొర్లితే అడగడానికి ఆ రాసినవారు మీ పక్క కుర్చీలో ఉండరు. దానికి పైన చెప్పిన బైనరీ సెర్చ్ రాయమనండి. కొన్నిసార్లు సూచికలను నేరుగా కూడి ఇస్తుంది, కొన్నిసార్లు సరైన పద్ధతిలో ఇస్తుంది. ఏది ఏదో మీరు చూడగానే చెప్పగలిగితే దానిని నిశ్చింతగా వాడుకోండి. చెప్పలేకపోతే, ఈ సెమిస్టర్ మీ ల్యాబ్ ప్రోగ్రాములు మాత్రం మీ చేత్తోనే రాయండి.